మూడో వంపు

ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరితో ఎవరు మాట్లాడుతున్నారో చెప్పడం కంటే, ఎవరితో ఎవరు మాట్లాడటం లేదో చెప్పడం తేలిక. అన్నయ్యకూ నాకూ మాటల్లేవు. వదిన నాతో అనాల్సిన మాటలన్నీ వంటింటి సింకుతో అనేది. "కొందరికి తాగిన కప్పు కడగాలంటే చేతులు అరిగిపోతాయి," అని సింకుకు చెప్పేది. "కొందరికి నోరు ఎంత వాడినా అరగదు," అని నేను పొయ్యికి చెప్పేదాన్ని. మధ్యలో మా నాన్న అటు మాట ఇటూ, ఇటు మాట అటూ మోస్తూ ఉండేవాడు.

పైన ఇల్లు, కింద షెడ్డు. షెడ్డులో మేం చేసేది గొట్టాల వంపులకు లోపలి పూత పోయడం. ఊరి చివర ఇసుక ఫ్యాక్టరీ ఒకటి ఉంది. అక్కడ ఎండబెట్టి జల్లించిన ఇసుకను గాలి ఒత్తిడితో గొట్టాల్లోంచి తరుముతారు. తిన్నగా ఉన్నంతసేపూ ఇసుక బుద్ధిగానే పోతుంది. గొట్టం ఎక్కడ వంగితే అక్కడ తిరగలేక వెళ్ళి గోడకు తగులుతుంది. ఉత్త ఇనుప వంపయితే వారం తిరక్కుండా చిల్లు పడుతుంది. అందుకని లోపల బొటనవేలి మందాన పాలిమర్ పోసి ఇస్తాం. కాగితాల మీద దాన్ని పాలిమర్ అని రాస్తాం, నోటితో మాత్రం అందరం రబ్బరనే అంటాం.

మా వదిన ఆ ఫ్యాక్టరీలోనే పని చేసేది. చెక్క సుత్తి పట్టుకుని రోజుకు నాలుగుసార్లు గొట్టాల లైను వెంబడి నడవడం ఆమె పని. ప్రతి వంపు దగ్గరా ఆగి, సుత్తితో తట్టి, గొట్టానికి చెవి ఆనించి వింటుంది. మందంగా ఉన్న వంపుది ఒక చప్పుడట, పల్చబడినదానిది ఒక చప్పుడట. పదేళ్ళలో ఆమెకు తెలియకుండా ఒక్క వంపూ చిల్లు పడలేదు. అక్కడ అందరూ ఆమెను చెవులక్క అంటారు. ఆమె నన్ను తక్కెడ అంటుంది, ముక్కల్ని తూచడమే నా పని కాబట్టి. చిల్లు పడితే ఏమవుతుందో మా ఇంట్లో ఎవరికీ ఒకరు చెప్పక్కర్లేదు. ఇసుక సన్నటి ధారగా దూసుకొస్తుంది. అడ్డంగా చెక్క పలక పెడితే పలకను తొలిచేస్తుంది. ఆ గొట్టాల కింద నడిచే మనిషి మా వదిన.

నాన్న చేతులు వణకడం మొదలయ్యాక షెడ్డు పనిని రెండుగా పంచాడు. కలపడం, పోయడం అన్నయ్యది. పరీక్ష చేయడం, కాగితం మీద సంతకం పెట్టడం నాది. పంచిన రోజు నుంచీ ఇద్దరం ఉప్పూ నిప్పూ అయ్యాం. వాడు పోసినదాన్ని నేను తప్పు పడతాను, నేను తప్పు పట్టినదాన్ని వాడు మళ్ళీ అలాగే పోస్తాడు. అన్నయ్యని వాడు అనకూడదని నాకూ తెలుసు. ఆ వేసవి అంతా అన్నాను.

ఎండలు ముదిరే వేళకు ఫ్యాక్టరీ వాళ్ళు కొత్త లైను వేయడం మొదలుపెట్టారు. దానికి అయిదు వంపులు కావాలన్నారు. అన్నయ్య తన పాత గట్టి రబ్బరే వేయాలన్నాడు. నేను రెండేళ్ళుగా సొంతంగా ఒక మెత్తటి రబ్బరు కలిపి చూస్తున్నాను. అదే వేయాలన్నాను. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా నాలుగు రోజులు గడిచాక నాన్న ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

"రెండూ పరీక్ష చెయ్యండి. ఎవరి రబ్బరు కొత్త లైనుకి వెళ్తే షెడ్డు వాళ్ళది. రెండోవాళ్ళు వాళ్ళ మాట విని పని చెయ్యాలి. వినలేనంటే పెట్టె సర్దుకోవాలి. నేనింక మీ మధ్య మాటలు మొయ్యలేను," అన్నాడు.

"నాకు ఇష్టమే," అన్నాడు అన్నయ్య, నా పెట్టె ఎంత ఉంటుందో చేతులతో చూపిస్తూ.

నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఆ షెడ్డు మూలనున్న పరీక్ష గది తప్ప నాదని చెప్పుకోవడానికి నాకేమీ లేదు.

ఆ గదిలో ఒక ఇనుప పెట్టె ఉండేది. దానికి పైన గరాటు, పక్కన కంప్రెసర్, లోపల ఒక నాజిల్. అరచేతి అంత రబ్బరు ముక్కని లోపలి పీట మీద బిగిస్తే, ఇసుక గాలితో వచ్చి దాన్ని కొడుతుంది. పీటను ఎదురుగానూ పెట్టొచ్చు, వాలుగానూ పెట్టొచ్చు. "ఎదురుగా వచ్చిన రేణువు రబ్బరుకి శత్రువు కాదమ్మా, కాస్త లోపలికి తీసుకుని వెనక్కి తోసేస్తుంది. పక్కవాటుగా రాసుకుంటూ పోయేదే గీరి గీరి తింటుంది," అని నాన్న నాకు పని నేర్పేటప్పుడు చెప్పాడు. అయిదు కిలోల ఇసుక కొట్టించి, ముక్కను కడిగి, ఆరబెట్టి, గాజు తలుపుల తక్కెడలో తూచి, ఎంత పోయిందో రాయాలి. ఆ తర్వాత ముక్కను అడ్డంగా కోసి భూతద్దం కింద చూడాలి. కోసి చూడకుండా నాన్న ఏనాడూ సంతకం పెట్టలేదు.

పరీక్ష రోజు మధ్యాహ్నం అన్నయ్య నా గదిలోనే నిలబడ్డాడు, నేను మోసం చేస్తానేమోనని కాపలాగా. వదిన కూడా షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. నాన్న కుర్చీలో కూర్చున్నాడు. ఇసుక హోరు ఆగాక నేను ముక్కలు కడిగి, ఆరబెట్టి, తూచాను.

"ఎంత?" అన్నాడు అన్నయ్య. నెల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట.

"నీది పద్దెనిమిది మిల్లీగ్రాములు పోయింది."

"నీది?"

"ఏం పోలేదు. రెండు పెరిగింది."

"పెరిగిందా? ఇసుకతో కొడితే బరువు పెరగడమేంటే?"

అడగాల్సిన ప్రశ్న అదే. వాడు దాన్ని మంచి మనసుతో అడిగి, నేను మంచి మనసుతో విని ఉంటే మా ఇంట్లో ఆ వేసవి కూడా మిగతా వేసవుల్లాగే పోయేది.

"రెండు మిల్లీగ్రాములు ఎక్కడైనా వస్తాయి. తడి ఉండిపోయినా వస్తాయి. అరగలేదని ఒప్పుకోడానికి నీకు ప్రాణం పోతోందా?" అన్నాను.

"ముక్క మార్చేశావు."

"నీ కళ్ళ ముందే ఉన్నాగా!"

"కళ్ళ ముందే మారుస్తారు, మోసం చేసేవాళ్ళు."

"తక్కెడ ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది," అంది వదిన గుమ్మానికి.

నాన్న చెయ్యెత్తాడు. "కోసి చూడండి. ఏ సంగతో తేలిపోతుంది."

"కొయ్యడానికి వీల్లేదు," అన్నాడు అన్నయ్య. "కోసే వంకతో ఇంకో ముక్క పెట్టేస్తుంది. కవర్లో పెట్టి అతికించండి. నా సంతకం పడాలి దాని మీద. రేపు ఫోర్‌మన్ ముందు తెరుద్దాం."

"నేనూ అదే అంటున్నా," అన్నాను. "నా ముక్కకి కత్తి తగలకూడదు. కోసినవాడు రేపు సాక్ష్యం పాడైందంటాడు."

ఆ సంవత్సరం మొత్తంలో మేమిద్దరం ఏకమై అన్న మాట అదొక్కటే. నాన్న మా ఇద్దరి మొహాలూ చూసి, "మీ ఇష్టం, మీ ఖర్మ," అని లేచి పైకి వెళ్ళిపోయాడు. రెండు ముక్కల్నీ కవర్లలో పెట్టి, అతికించి, అతుకు మీద ఇద్దరం సంతకాలు చేశాం. మర్నాడు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ వచ్చి కవర్లు చింపి, రెండు ముక్కల్నీ వెలుతురులో తిప్పి చూశాడు. నాది నున్నగా ఉంది, వాడిది గీతలు పడి ఉంది. "ఇందులో చూడ్డానికేముంది?" అన్నాడు. కాగితం మీద 'అరుగుదల లేదు' అని రాసి సంతకం పెట్టాను.

అయిదు వంపులూ నా రబ్బరుతోనే పోశారు. పోసింది అన్నయ్యే. నేను పక్కన నిలబడి, ఎంత వేడి చేయాలో, ఎంతసేపు కలపాలో చెబుతుంటే పళ్ళు నూరుతూ పోశాడు. గెలిచినవాళ్ళు కాస్త తగ్గి ఉండాలంటారు. నేను తగ్గలేదు. వాడి పాత అచ్చుల్ని షెడ్డు బయట ఎండలో పడేయించాను. వాడి పేరు రాసి ఉన్న డబ్బాల మీద సున్నం పూయించాను. పొద్దున్నే వాడు వచ్చేసరికి ఆ రోజు చేయాల్సిన పనుల చీటీ తలుపుకు అంటించేదాన్ని. వాడు చదివి, ఉండ చుట్టి, నేను చూసేలా నేల మీద వేసేవాడు. నేను ఇంకో చీటీ అంటించేదాన్ని. నాకు అంత ఆనందంగా ఎప్పుడూ లేదు. ఆ మాట దాచడం ఎందుకు?

కొత్త లైను తిరగడం మొదలై ఏడు వారాలు అయింది. ఒక రోజు అందరం అన్నం తింటున్నాం. వదిన నాన్నతో అంది: "మావయ్యా, మూడో వంపు గొంతు మారింది."

"ఎలా మారింది?"

"ఇదివరకు బొద్దుగా వినిపించేది. ఇప్పుడు ఏదో గరగరమంటోంది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు."

"పల్చబడిందా?"

"పల్చబడితే ఖంగుమంటుంది. ఇది అదీ కాదు. నేనెప్పుడూ వినలేదు ఇట్లాంటిది."

నాకు ఒళ్ళు మండింది. "కొత్త రబ్బరు, కొత్త చప్పుడు. పాత చెవులకి ఎక్కదు," అన్నాను. పొయ్యితో కాదు, నేరుగా ఆమెతోనే.

"నా చెవుల జోలికి రాకు. పదేళ్ళుగా ఈ చెవులే ఆ లైనుని కాపాడుతున్నాయి."

"నా రబ్బరుకి కాపలా అక్కర్లేదు."

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని..." అంటూ ఆమె కంచం తీసుకుని లేచిపోయింది. అన్నయ్య తల వంచుకుని నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసే నిర్ణయించుకున్నాను, వదిన నోరు మూయించాలని. అయిదు కిలోలు కాదు, యాభై కిలోలు కొట్టిస్తాను. అప్పటికీ అరగలేదని కాగితం తెచ్చి ఆమె కంచం పక్కన పెడతాను.

మర్నాడు ఉదయం నా రబ్బరు ముక్క కొత్తది ఒకటి బిగించి మొదలుపెట్టాను. పది కిలోలకు బరువు పెరిగింది. ఇరవైకి ఇంకాస్త పెరిగింది. నాకు నవ్వొచ్చింది. ముప్పై దాటాక తూస్తే తక్కెడ ముల్లు ఎక్కడ ఆగిందో నమ్మలేక మళ్ళీ తూచాను. రెండు వందల పది మిల్లీగ్రాములు పోయింది. నలభైకి అంతకు మూడు రెట్లు పోయింది. పెట్టె అడుగున ఇసుకలో చూస్తే, రబ్బరు పెచ్చులు పెచ్చులుగా ఊడి పడి ఉంది.

తలుపు గడియ పెట్టి ముక్కను అడ్డంగా కోశాను. భూతద్దం అక్కర్లేకపోయింది. రబ్బరు లోపల వెంట్రుకవాసి లోతు నుంచి గింజ మందం లోతు దాకా ఇసుక దిగబడి ఉంది. నా మెత్తటి రబ్బరు వచ్చిన రేణువుని వెనక్కి తోయలేదు, లోపల పెట్టుకుంది. ఒక పక్క అరిగిపోతూనే ఉంది, అరిగినంత బరువూ ఇసుక పూడుస్తూ వచ్చింది. తక్కెడకు రబ్బరు బరువేదో ఇసుక బరువేదో తెలియదు. లోపల ఇసుక నిండాక, తర్వాత వచ్చిన రేణువులు ఆ రేణువుల్నే మేకుల్లా కొట్టి, మొత్తం పెచ్చుగా లేపేశాయి. వదిన విన్న గరగర అదే. కవర్లో పెట్టి అతికించిన ఆ ముక్కను ఆ రోజే కోసి ఉంటే మొదటి గాటుకే తెలిసిపోయేది.

మూడో వంపు ఎన్నాళ్ళు ఆగుతుందో లెక్క వేయడం నాకు రెండు నిమిషాల పని. ఆ రోజు పావుగంట పట్టింది. రబ్బరు అయిపోయి ఉంటుంది, మిగిలింది బయటి ఇనుమే. నాలుగు రోజులు, మహా అయితే అయిదు. నాలుగో రోజు ఫ్యాక్టరీకి సెలవు, ఆ రోజు లైను ఆపుతారు.

చేయాల్సింది ఒకటే. ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి లైను ఆపమనాలి. ఆయన ఎందుకని అడుగుతాడు. చెబితే సాయంత్రానికల్లా షెడ్డు అన్నయ్యది, పెట్టె నాది. వాడు తలుపుకు చీటీలు అంటించడం, వదిన సింకుతో నవ్వుతూ మాట్లాడటం నా కళ్ళకు కట్టింది. ఫోన్ తీసి మళ్ళీ పెట్టేశాను. ఆ వంపు వినడానికే కదా ఆవిడకి జీతం ఇస్తున్నారు, అంత గొప్ప చెవులైతే వినుకోనీ, అనుకున్నాను. అలా అనుకున్న మనిషిని నేనే. ఇంకెవరో అన్నట్టు చెప్పలేను.

ఒక ఉపాయం మాత్రం ఆలోచించాను. అన్నయ్య పాత రబ్బరుతోనే వంపులు పోయించి, సెలవు రోజున 'పరిశీలన కోసం' అని చెప్పి నిశ్శబ్దంగా మార్చేస్తే ఎవరికీ తెలియదు. చీటీ రాసి తలుపుకు అంటించాను: 'పాత రబ్బరుతో అయిదు వంపులు, వెంటనే.'

వాడు చీటీ పట్టుకుని వచ్చాడు. "నీ రబ్బరు ఏమైంది?"

"ఏం కాలేదు. నిల్వ కోసం."

"నిల్వ కోసం నా రబ్బరు ఎందుకు? నువ్వే కదా దాన్ని ఎండలో పడేయించింది."

"చెప్పిన పని చెయ్యి."

"చేస్తా. అచ్చులు ఎండకి వంకరపోయాయి. సాపు చెయ్యాలి. వారం పడుతుంది."

"వారం కుదరదు!"

నా గొంతులో ఏదో విన్నాడు వాడు. ఆ తర్వాత చీటీని మడిచి జేబులో పెట్టుకుని, "పదిరోజులు," అని వెళ్ళిపోయాడు. నన్ను ఏడిపించడానికే అన్నాడు. దాని వెనక ఏముందో వాడికేం తెలుసు?

రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. అన్నం సహించలేదు. ఫ్యాక్టరీ సైరన్ మోగినప్పుడల్లా షిఫ్టు మారడానికా, మరి దేనికా అని షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్ని. వదిన సాయంత్రం మెట్లెక్కి వస్తున్న అడుగుల చప్పుడు వినేదాకా అక్కణ్ణించి కదిలేదాన్ని కాదు. నా జన్మలో ఆమె రాక కోసం నేను ఎదురుచూసింది ఆ రెండు సాయంత్రాలే. వచ్చాక మళ్ళీ మామూలే, "ఇంట్లో కొందరికి రోగమేదో వచ్చినట్టుంది, తిండి మానేశారు, మంచిదే, మిగులుతుంది," అని ఆమె సింకుతో అనేది.

మూడో రోజు పొద్దున ఆమె మెట్లు దిగుతోంది. తలకు గుడ్డ కట్టుకుని, ఇసుక పడకుండా పెట్టుకునే కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకుని, సుత్తి చంకలో పెట్టుకుని ఉంది. నేను కింద నిలబడి ఉన్నాను. ఆ ఒక్క రోజూ గడిస్తే చాలు.

"వదినా."

ఆమె ఆగింది. నేను అలా పిలిచి ఏడాది దాటింది.

"ఇవాళ మూడో వంపు కింద నిలబడకు."

"ఏం?"

"ఏం లేదు. నిలబడకు."

"ఏం లేకపోతే ఎందుకు నిలబడొద్దు?"

చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నాలుక చివరే ఉంది. సరిగ్గా అప్పుడే షెడ్డులోంచి అన్నయ్య దగ్గు వినిపించింది. "గొంతు మారిందన్నావుగా. దాని దగ్గర ఆగి అల్లరి చెయ్యొద్దని చెప్తున్నా," అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. "ఓహో. ఫోర్‌మన్‌కి చెప్పేస్తానని భయమా? షెడ్డు చాల్లేదు, ఇంక నా లైను మీద కూడా నీ పెత్తనమా? నేనెక్కడ నిలబడాలో నువ్వు చెప్తావా?"

"వదినా, నా మాట విను..."

"విన్నా. ఇన్నాళ్ళూ విన్నా. ఇవాళ ఆ వంపు దగ్గరే ఎక్కువసేపు నిలబడతా. దానికేం జబ్బో తేల్చుకుని మరీ వస్తా," అని విసవిసా వెళ్ళిపోయింది. నేను వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాను. వెనకే పరిగెత్తి ఉండొచ్చు. నడిచినా అందేదాన్ని.

పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. అన్నయ్య ఎత్తాడు. "ఎక్కడ?" అన్నాడు. తర్వాత, "ఏ కన్ను?" అన్నాడు.

చెప్పినట్టే చేసింది వదిన. మిగతా నాలుగు వంపుల దగ్గరా తట్టి వెళ్ళిపోయి, మూడోదాని దగ్గర నిచ్చెన వేసుకుని ఎక్కింది. చెవి బాగా ఆనడానికి కళ్ళద్దాలు అడ్డమని పైకి తోసుకుంది. గొట్టాన్ని పట్టుకుని ఎడమ చెవి ఆనించి వింటోంది. చిల్లు ఆమె చెంపకు జానెడు దూరంలో పడింది. కింద ఉన్నవాళ్ళు బొబ్బలు పెట్టి లైను ఆపించడానికి ఎంతసేపో పట్టలేదు. ఎడమ కన్ను పోవడానికి అంతసేపు కూడా అక్కర్లేదని డాక్టరు అన్నాడు.

ఆస్పత్రిలో ఫోర్‌మన్ నా దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు. నాకు అర్థం కాలేదు. "ఆవిడ చెప్పింది అంతా. పొద్దునే మీరు హెచ్చరించారట, దాని కింద నిలబడకు అని. ఆవిడే మొండికేసిందట. మీరంత జాగ్రత్త గల మనిషి కాబట్టే మీ పెద్దాయన షెడ్డు మీ చేతికిచ్చాడు," అన్నాడు. అన్నయ్య కాంటీన్‌కి వెళ్ళి రెండు టీలు తెచ్చి ఒకటి నాకిచ్చాడు. "నేను ఆ వంపులు వెంటనే పోసుంటే..." అని గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆ టీ తాగాను. ఆ మెప్పునీ, వాడి ఏడుపునీ ఆరు రోజులు అలాగే ఉంచుకున్నాను. ఇనుములో లోపం ఉందేమోనని ఫ్యాక్టరీ వాళ్ళు అనుకుంటున్నారంటే, ఉండొచ్చు అన్నాను.

ఏడో రోజు వదినను ఇంటికి తెచ్చారు. మొహం ఎడమ సగం కట్టు కింద ఉంది. మధ్యాహ్నం నాన్న పడుకున్నాడు, అన్నయ్య మందులకు వెళ్ళాడు. నన్ను పిలిచింది. వెళ్ళి మంచం ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను.

"నీకెలా తెలిసింది?" అంది.

"ఏది?"

"పడుకుని చాలా ఆలోచించా. వేరే పనేముంది నాకు? నువ్వు నన్ను వదినా అని పిలిచావు. ఊరికే పిలవవు నువ్వు. ఎలా తెలిసింది?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. ఆరు రోజులుగా దాన్ని నున్నగా చేసి పెట్టుకున్నాను. ఆమె ఒంటి కన్ను చూస్తుంటే నోట్లోంచి రాలేదు.

"ముక్క కోసి చూశాను. లోపలంతా ఇసుక."

"ఎప్పుడు?"

"మూడు రోజుల ముందు."

"మూడు రోజులు," అని ఆమె ఒక్కో మాటా విడిగా పలికింది. "మెట్ల దగ్గర ఆ ఒక్క మాట చెప్పుంటే నేనే లైను ఆపించేదాన్ని కదా. నా పనే అది."

"చెప్తే షెడ్డు అన్నయ్యదైపోయేది."

ఆమె తిట్టలేదు. నేను తిట్లకు సిద్ధపడి వెళ్ళాను, తిడితే బాగుండుననుకున్నాను. "మీ అన్నయ్య రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నాడు, తన వల్లే అయిందని. వెళ్ళి చెప్పు. మావయ్యకి కూడా. ఇవాళే," అంది.

చెప్పాను. అన్నయ్య చెయ్యెత్తాడు, మళ్ళీ దించేశాడు. నాన్న నా మాట పూర్తయ్యేదాకా విని, షెడ్డు తాళాలు వాడి చేతిలో పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఫోర్‌మన్‌కి నేనే ఫోన్ చేశాను. ఆయన నాతో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు. సాయంత్రానికి పెట్టె సర్దుకున్నాను. సర్దడానికి పెద్దగా ఏమీ లేదు. మెట్ల దాకా వచ్చేసరికి వదిన గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి అడ్డం నిలబడింది.

"ఎక్కడికి?"

"తెలీదు. ఎక్కడికైనా."

"ఎక్కడికీ వద్దు. వెళ్తే నీకు తేలికైపోతుంది. ఎవర్నీ చూడక్కర్లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. పెట్టె లోపల పెట్టు."

"నేనిక్కడ ఎలా ఉండను వదినా?"

"ఎలాగో ఉండు. నాకు వంట చెయ్యాలి, కట్టు మార్చాలి, మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి. అవన్నీ నువ్వే చేస్తావు." ఆమె అలసిపోయి గోడకు ఆనుకుంది. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. అన్నం దగ్గరైనా, ఎక్కడైనా, నా ఎడమ పక్కనే కూర్చో. అటు నాకు కనబడదు."

పెట్టె లోపల పెట్టాను. రాత్రి అన్నాలకు నా కుర్చీ లాక్కుని ఆమె ఎడమ పక్కకు వెళ్ళి కూర్చున్నాను. ఇప్పటికి పదకొండేళ్ళు. రోజూ అక్కడే కూర్చుంటున్నాను.